వేసిన తాళము లాగి చూచుట
(యూనిక్స్ యంత్రములలో ఫైళ్ల తనిఖీని గురించి ప్రసంగము)

ఇంటికి తాళము వేసి నాలుగడుగులు నడిచిన తరువాత, వెనుకకు వచ్చి ఆ తాళమును ఒకసారి లాగి చూచే అలవాటు మనలో చాలమందికి ఉన్నది. పక్కనున్నవారు నవ్వుతారు. అయినను తాళము వేయుట ఒక పని, అది పడినదో లేదో చూచుట మరియొక పని. ఈ రెండవ పనిని గురించి, అదియును ఇంటి తాళమును గురించి కాక, కంప్యూటరులో దాచిన కాగితముల తాళమును గురించి ఈ ప్రసంగములో కొంత మనవి చేయదలచినాము.

కాగితములన్నాము గాని అవి ఇప్పుడు కాగితములుగా లేవు. బ్యాంకులో మన నిల్వ, ఆసుపత్రిలో మన రక్తపరీక్ష ఫలితము, పిల్లవాని మార్కుల జాబితా, తాతగారి పింఛను లెక్క, ఇవన్నియు ఎక్కడనో ఒక యంత్రములో ఫైళ్లుగా ఉన్నవి. అట్టి యంత్రములలో చాలభాగము యూనిక్స్ అనే వ్యవస్థ మీదనో, దాని పద్ధతిని అనుసరించిన లినక్స్ మీదనో నడుస్తున్నవి. యూనిక్స్‌కు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనువారు రూపకల్పన చేసినారు. లినక్స్‌ను 1991లో ఫిన్‌లాండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించినాడు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు లోపలి పునాది లినక్సే. కనుక ఇది ఇంజనీర్లకు మాత్రమే పట్టిన సంగతి అని శ్రోతలు రేడియో కట్టివేయనక్కరలేదు.

యూనిక్స్‌లో తాళముల ఏర్పాటు చాల సులువైనది. ప్రతి ఫైలుకు ఒక యజమాని ఉంటాడు. ఆ ఫైలుతో సంబంధము గల ఒక బృందము ఉంటుంది. మిగిలినవారందరు 'ఇతరులు'. ఈ మూడు తరగతులలో ఒక్కొక్క తరగతికి మూడు అనుమతులు ఈయవచ్చును: చదువుట, వ్రాయుట, నడుపుట. నడుపుట అనగా ఆ ఫైలు ఒక ప్రోగ్రాము అయితే దానిని పనిచేయించుట. ఇక్కడ ప్రోగ్రాము అనగా మా రేడియో కార్యక్రమము కాదు, యంత్రమునకు ఇచ్చిన ఆజ్ఞల వరుస అని అర్థము. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని అంకెలు ఏర్పరచి వాటిని కూడి వ్రాస్తారు. ఒక ఫైలు మీద 644 అని ఉన్నచో, యజమాని చదువను వ్రాయను వచ్చును, బృందమువారును ఇతరులును చదువవచ్చును గాని వ్రాయరాదు అని తెలుసుకోవలెను. 600 అని ఉన్నచో యజమానికి తప్ప అన్యులకు ప్రవేశము లేదు. 777 అని ఉన్నచో అది తలుపులు లేని సత్రము. ఈ తరగతులన్నింటికి పైన 'రూట్' అనే సర్వాధికారి ఒకడు ఉన్నాడు. ఈ తాళములు అతనిని ఆపవు.

ఇంతవరకు తేలికగానే అర్థమవుతుంది. అసలు చిక్కు డైరెక్టరీ వద్ద వస్తుంది. డైరెక్టరీని ఫైళ్లు దాచే పెట్టె అని సాధారణముగా చెబుతారు. ఆ పోలిక మనలను కొంత మోసగిస్తుంది. యూనిక్స్‌లో డైరెక్టరీ పెట్టె కాదు, పేర్ల జాబితా వ్రాసిన ఒక పుస్తకము. ఫైలును తొలగించుట అనగా ఆ పుస్తకములో దాని పేరు కొట్టివేయుట. పేరు కొట్టివేయుటకు కావలసినది పుస్తకము మీద వ్రాసే అధికారమే గాని, ఫైలు మీద వ్రాసే అధికారము కాదు. దీని ఫలితము చూడండి. ఒక ఫైలును ఎవరును వ్రాయరాదని 444గా బిగించి, అది ఉన్న డైరెక్టరీని మాత్రము 777గా విడిచిపెట్టినామనుకొందాము. ఆ ఫైలులోని ఒక్క అక్షరమును కూడ పరులు మార్చలేరు. కాని ఫైలునే తీసివేసి, అదే పేరుతో తమ ఫైలును అక్కడ పెట్టగలరు! బీరువాకు తాళము వేసి బీరువానే వీధిలో ఉంచినట్లు. కాబట్టి ఫైళ్లను మాత్రము తనిఖీ చేసి డైరెక్టరీలను చూడనివాడు ఏమియు చూడనట్లే. ఆ డైరెక్టరీని మాత్రమే కాదు, దానికి పైనున్న డైరెక్టరీని, దాని పైదానిని, వేరు వరకు చూడవలెను. అందరికి అవసరమైన 'టెంప్' వంటి తాత్కాలిక స్థలములకు 1777 అని ముందు ఒక 1 చేరుస్తారు. ఎవరైనను అక్కడ ఫైలు పెట్టవచ్చును గాని, ఒకరి ఫైలును మరియొక సామాన్యుడు తొలగించరాదని ఆ 1కి అర్థము. ఆ ఒక్క అంకె జారిపోయినను తనిఖీ పట్టుకొనవలెను.

యజమాని విషయములోను ఒక రహస్యమున్నది. మనకు తెరమీద యజమాని పేరు కనిపిస్తుంది గాని, యంత్రము ఫైలు మీద వ్రాసుకొనేది పేరు కాదు, ఒక అంకె. పేర్లకు అంకెలకు గల సంబంధము వేరొక ఫైలులో ఉంటుంది. ఒక ఉద్యోగి పదవీ విరమణ చేసినాడు, అతని పేరును ఆ ఫైలునుండి తీసివేసినారు అనుకొందాము. అతని ఫైళ్లు ఎక్కడివక్కడే, అనాథలుగా, ఉత్త అంకెతో మిగిలి ఉంటవి. కొన్నాళ్లకు ఒక కొత్త ఉద్యోగి వచ్చినాడు, ఖాళీగా ఉన్న ఆ అంకె ఇతనికి వచ్చినది. ఆ క్షణమునుండి పాత ఉద్యోగి ఫైళ్లన్నింటికి ఈ కొత్తవాడు యజమాని! ఎవరును ఈయలేదు, ఎవరును సంతకము చేయలేదు, ఆస్తి మాత్రము చేతులు మారినది. ఇట్టి అనాథ ఫైళ్లను వెదకుటకు 'ఫైండ్' అనే ఆజ్ఞలోనే ఏర్పాటు ఉన్నది. తనిఖీలలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ప్రయోజనమిచ్చేది మరియొకటి లేదని మా అభిప్రాయము.

ఇక అరువు అధికారము. మన రహస్య పదమును మనమే మార్చుకొనవలెనన్నచో, సర్వాధికారి తప్ప మరియెవరును ముట్టరాని ఫైలులో మార్పు జరుగవలెను. అది సామాన్యుడు చేయుట ఎట్లు? ఒక ప్రోగ్రామును ఎవరు నడిపినను అది తన యజమాని అధికారముతో నడుస్తుందని ఒక గుర్తు పెట్టే ఉపాయమును డెనిస్ రిచీ కల్పించినాడు. దీనిని 'సెట్‌యూఐడీ' అంటారు. దీనికి 1979లో అమెరికాలో పేటెంటు కూడ లభించినది. చాల చక్కని ఉపాయము. కాని సర్వాధికారి యజమానిగా ఉండి, ఈ గుర్తు గల ప్రతి ప్రోగ్రామును ఆయన ముద్రాంగుళీయకమును ధరించి బజారులో తిరిగే దూతవంటిది. దూత అమాయకుడైనచో ఏమగునో చెప్పే నిజమైన కథ ఒకటి ఉన్నది.

1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఆయన కంప్యూటర్ల విభాగములో కొత్తగా చేరినాడు. చదువుకొన్నది ఖగోళశాస్త్రము. ఆయనకు అప్పగించిన మొదటి పని, యంత్రపు వాడకము లెక్కలలో కనిపించిన 75 సెంట్ల తేడా ఎక్కడిదో కనుగొనుట. మన లెక్కలో ముప్పాతిక డాలరు! మరియొకరైనచో చేతినుండి వేసి లెక్క సరిచేసేవారే. ఈయన విడువలేదు. ఆ దారము పట్టుకొని పోగా, రుసుము చెల్లించే చిరునామా లేని ఒక వాడుకదారు బయటపడినాడు. అక్కడినుండి సాగిన అన్వేషణ చివరకు పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరినది. అక్కడ మార్కుస్ హెస్ అనే యువకుడు ఈ ప్రయోగశాల యంత్రమును మెట్టుగా చేసుకొని అమెరికా సైనిక కంప్యూటర్లలోనికి దూరి, లభించినదానిని సోవియట్ గూఢచారి సంస్థకు అమ్ముతున్నట్లు తేలినది. 1990లో అతనికి అక్కడి న్యాయస్థానము శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసినది.

మనకు ఇప్పుడు కావలసినది గూఢచారి కథ కాదు, అతడు దూరిన సందు. ఆ యంత్రములో ఈమాక్స్ అనే వ్రాతపనుల ప్రోగ్రాము ఉన్నది. దానితో వచ్చిన 'మూవ్‌మెయిల్' అనే చిన్న ప్రోగ్రాము ఉత్తరములను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చేది. దానికి ఆ యంత్రములో సర్వాధికారి ముద్రను ఇచ్చి ఉంచినారు. ఎక్కడినుండి ఎక్కడికి చేరుస్తున్నానని అది విచారించదు. అగంతకుడు తాను వ్రాసిన ఒక ఫైలును దాని చేతికి ఇచ్చి, వ్యవస్థకు సంబంధించిన డైరెక్టరీలోనికి పంపించినాడు. అయిదు నిమిషములకొకసారి సర్వాధికారముతో తనంతట నడిచే 'ఏట్‌రన్' అనే ప్రోగ్రాము స్థానములో తన దొంగ ఏట్‌రన్‌ను కూర్చుండబెట్టినాడు. అయిదు నిమిషములు ఓపికపట్టినాడు. యంత్రము తన చేతనే దానిని నడిపినది, అతనిని సర్వాధికారిని చేసినది. వెంటనే అసలు ఏట్‌రన్‌ను తిరిగి యథాస్థానములో పెట్టివేసినాడు. కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టిపోయినట్లు జరిగిన ఈ పనిని బట్టియే స్టోల్ 1989లో ప్రకటించిన తన గ్రంథమునకు 'కోకిల గుడ్డు' అనే అర్థము వచ్చే పేరు పెట్టినాడు.

ఇప్పుడు మనము ఆ ప్రయోగశాలలో తనిఖీదారులమని భావించుకొందాము. ప్రతి రాత్రి ఫైళ్లన్నింటిని నిన్నటి ప్రతితో సరిపోల్చి, మారినవానిని చెప్పే ఏర్పాటు మనకు ఉన్నదనుకొందాము. ఏట్‌రన్ మార్పును పట్టగలమా? సందేహమే. అది నిమిషములలో యథాస్థితికి వచ్చినది. మరి మూవ్‌మెయిల్? అది అసలు మారనేలేదు. స్థాపించిన నాడు ఎట్లున్నదో ఆ నాటికిని అట్లే ఉన్నది. నిన్నటికి నేటికి తేడా లేదు గనుక మన తనిఖీ 'అంతయు క్షేమము' అని వ్రాసిపెట్టి ఉండేది. అంతే కాదు, తప్పుగా ఉన్న ఆ స్థితినే ప్రమాణముగా తీసుకొని, ఎవరైనను దానిని సరిదిద్దినచో ఆ సరిదిద్దుటనే దోషముగా ఎత్తిచూపేది!

తనిఖీ అన్నప్పుడు రెండు వేరువేరు ప్రశ్నలు ఉన్నవని మేము శ్రోతలకు ముఖ్యముగా చెప్పదలచినాము. 'నిన్నటివలె ఉన్నదా?' అనునది ఒకటి. 'ఉండవలసినట్లు ఉన్నదా?' అనునది రెండవది. మొదటిదానికి నిన్నటి చిత్రము చాలును. రెండవదానికి ఎవరో ఒకరు కూర్చుండి, యంత్రము వైపు చూడకుండ, ఏది ఎట్లుండవలెనో ముందుగా కాగితము మీద వ్రాయవలెను. మన గ్రామములలో పంటకాలమున రెవెన్యూవారు అజమాయిషీకి వచ్చినప్పుడు పొలము చూచి లెక్క, లెక్క చూచి పొలము సరిచూచేవారు. పొలమును చూచి లెక్క వ్రాసుకొని, ఆ లెక్కతోనే మరల పొలమును సరిచూచినచో ఎన్నడును తేడా రాదు. చాల కార్యాలయములలో కంప్యూటరు తనిఖీ ఈ తీరుననే జరుగుతున్నది. యంత్రము ఎట్లున్నదో అట్లే ఒక పట్టిక తయారుచేయించి, దానికి 'నిబంధనావళి' అని పేరు పెట్టుకొంటున్నారు.

ఈ రెండు ప్రశ్నలకు తగిన సాధనములు చాలకాలముగా ఉన్నవి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమునందు డాన్ ఫార్మర్, ఆచార్య యూజీన్ స్పాఫర్డ్ మార్గదర్శకత్వమున 'కాప్స్' అనే తనిఖీ ప్రోగ్రాముల సంపుటిని తయారుచేసి 1990లో విద్వత్సభకు నివేదించినాడు. ఎవరైనను వ్రాయదగినవిగా ఉన్న ముఖ్యమైన ఫైళ్లు, డైరెక్టరీలు, అరువు అధికారము గల ప్రోగ్రాములు, ఇట్టివానిని అది ఎత్తిచూపేది. అనగా రెండవ ప్రశ్న. 1992 నవంబరులో అదే విశ్వవిద్యాలయమునుండి జీన్ కిమ్ అనే విద్యార్థి, స్పాఫర్డ్ కలిసి 'ట్రిప్‌వైర్' అనుదానిని విడుదల చేసినారు. అది ముఖ్యముగా మొదటి ప్రశ్నకు జవాబు. దాని మార్గముననే 1999లో 'ఎయిడ్' అనే ఉచిత సాధనము వచ్చినది. నేడును లినక్స్ యంత్రములలో దానిని విరివిగా వాడుతున్నారు.

ఇక ఏర్పాటు చేసుకొనుట ఎట్లు? అన్నింటిని ఒకే తీరున చూడబోవుట మొదటి పొరపాటు. ఒక రేడియో కేంద్రమును ఉదాహరణముగా తీసుకొందాము. పాత నాటకములు, గాన కచేరీలు, ప్రసంగములు ధ్వనిముద్రణలుగా ఒక డైరెక్టరీలో ఉన్నవి. రేపటి కార్యక్రమ పట్టిక రెండవ డైరెక్టరీలో ఉన్నది. ఏ నిమిషమున ఏది ప్రసారమైనదో వ్రాసుకొనే దినచర్య మూడవచోట ఉన్నది. ధ్వనిముద్రణలు ఒకసారి చేరిన తరువాత ఎన్నటికిని మారరాదు. కనుక వానిలో లోపలి విషయము, యజమాని, అనుమతి అన్నియు చూడవలెను. కార్యక్రమ పట్టిక ప్రతిదినము మారవలసినదే. దాని విషయమును తనిఖీలో చేర్చినచో ప్రతి ఉదయము అనవసరమైన గగ్గోలు తప్పదు. అక్కడ చూడవలసినది దానిని వ్రాసే అధికారము కార్యక్రమ విభాగపు బృందమును దాటి పోయినదా అనునది మాత్రమే. ఆ బృందములో ఎవరెవరు ఉన్నారో కూడ చూడవలెను. ఫైలు మీద బృందము పేరు సరిగానే ఉండి, బృందములో చేరరానివారు చేరి ఉండవచ్చును గదా. దినచర్య పుస్తకము పెరుగుతూ ఉండవలెను గాని తరుగరాదు. నిన్నటికంటె నేడు చిన్నదైనచో ఎవరో పుటలు చించినారని అర్థము. పాత పుస్తకము ముగించి కొత్తది ప్రారంభించే దినము మాత్రము తనిఖీకి ముందుగా తెలిసి ఉండవలెను.

లోపలి విషయము మారలేదని తెలుసుకొనుట ఎట్లు? ఫైలు పరిమాణము చాలదు. పది అక్షరములు తీసి పది అక్షరములు పెట్టవచ్చును. మార్చిన తేదీయు చాలదు. ఆ తేదీని మనకు ఇష్టమైనట్లు వెనుకకు త్రిప్పే ఆజ్ఞ యూనిక్స్‌లోనే ఉన్నది. అందుచేత ఫైలులోని ప్రతి అక్షరమును గణితములో వేసి ఒక సంఖ్యను తీస్తారు. దీనిని ఫైలుకు వేలిముద్ర అనవచ్చును. ఒక్క అక్షరము మారినను వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. వెనుకటి కాలమున 'ఎండీ5' అనే వేలిముద్ర ప్రసిద్ధముగా ఉండేది. 2004లో చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు రెండు వేరువేరు విషయములకు ఒకే ఎండీ5 వేలిముద్ర వచ్చునట్లు చేసి చూపినారు. దాని తరువాతి 'షా-1'కును 2017లో అదే గతి పట్టినది. ఇప్పుడు 'షా-256'ను వాడుట క్షేమము.

ఈ వేలిముద్రలు దొంగలను పట్టుటకు మాత్రమే అనుకొనరాదు. దొంగ రాకున్నను డిస్కులు జీర్ణిస్తవి. ఎవరి చేయియు తగులకుండనే ఒక చోట ఒక గుర్తు చెరిగిపోవచ్చును. పరమపదించిన విద్వాంసుని కచేరీ ఒకటి ఉన్నదనుకొందాము. అసలు టేపు శిథిలమైపోయినది, మిగిలినది ఈ ఫైలే. దానిలో నడుమ ఒక భాగము చెడినది, ఎవరును వినలేదు. ప్రతివారము పాత నకలు మీద కొత్త నకలు తీసే యంత్రము, చెడిన ఫైలును తీసికొనిపోయి మంచి నకలు మీద వ్రాసివేసినది. ఇక ఆ ఆలాపన లోకములో లేదు. నకలు తీయుటకు ముందు వేలిముద్ర సరిచూచే నియమము ఉన్నచో, తేడా కనబడినప్పుడే ఆగి, మంచి నకలునుండి ఫైలును తిరిగి తెచ్చుకొనవచ్చును. మా వృత్తిలో ఉన్నవారికి ఇది గూఢచారులకంటె దగ్గరి భయము.

వేలిముద్రలు సరే, వానిని దాచేది ఎక్కడ? అదే యంత్రములో పెట్టినచో, సర్వాధికారము చేజిక్కించుకొన్నవాడు ఫైలును మార్చి వేలిముద్రను కూడ మార్చిపోతాడు. తాళపుచెవిని తలుపు మీది మేకుకు తగిలించుట వంటిది ఇది. ఆ పట్టిక వేరొక యంత్రములోనో, వ్రాయుటకు వీలులేని పళ్లెములోనో ఉండవలెను. తనిఖీ చేసే ప్రోగ్రాము కూడ సాధ్యమైనంతవరకు బయటినుండియే రావలెను. లోపలి ప్రోగ్రామును దొంగ వశపరచుకొన్నచో, అది దొంగ చెప్పమన్నదే చెబుతుంది. యూనిక్స్ నిర్మాతలలో ఒకడైన కెన్ థామ్సన్ 1984లో అచ్చయిన తన టూరింగ్ పురస్కార ప్రసంగములో ఈ సంగతినే ఇంకను లోతుగా చెప్పినాడు. మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చే సాధనములోనే కపటము పెట్టవచ్చుననియు, అది మూలప్రతిలో వెదకినను కనబడదనియు ఆయన నిరూపించినాడు. అంత దూరము ప్రతివారును భయపడనక్కరలేదు గాని, నిందితుని సాక్ష్యముతోనే విచారణ ముగించరాదన్నంతవరకు అందరికి పనికివస్తుంది.

నిబంధన వ్రాయుటలో ఒక మెలకువ ఉన్నది. రహస్య పదముల ముద్రలు దాచే 'షాడో' ఫైలు డెబియన్ అనే లినక్స్ సంపుటిలో 640గా ఉంటుంది, రెడ్‌హ్యాట్ అనే సంపుటిలో 000గా ఉంటుంది. రెండును సరియైనవే. 'సరిగా 640 ఉండవలెను' అని వ్రాసినచో రెండవ యంత్రము నిష్కారణముగా దోషి అవుతుంది. '640కి మించిన అనుమతి ఉండరాదు' అని వ్రాయవలెను. ఇట్లే, ఒక ఫైలు ఉన్న చోటును చూపే 'సింబాలిక్ లింకు'లు లినక్స్‌లో ఎప్పుడును 777గానే కనిపిస్తవి. అవి కేవలము దారి చూపే బోర్డులు. వానిని చూచి కంగారుపడక, అవి చూపే ఫైలును చూడవలెను. ఇట్టి తెలివి లేని తనిఖీ ఉదయమే మూడు వందల దోషములు ముందు పెడుతుంది. వారము దినములు చదివిన ఉద్యోగి ఎనిమిదవ దినము చదువడు. ఆ మూడు వందలలో నిజమైనది ఒక్కటి ఆ దినముననే వస్తుంది.

మినహాయింపులు తప్పవు. ఏదో ఒక పాత ప్రోగ్రాము ఒక డైరెక్టరీ తెరచి ఉంటేనే గాని నడువదు. అట్టి మినహాయింపును ఎవరు అడిగినారు, ఎందుకు, ఏ తేదీ వరకు అని వ్రాసిపెట్టి, ఆ తేదీ దాటగానే అది తిరిగి దోషముగా లేచి నిలుచునట్లు చేయవలెను. రాత్రి పదిగంటలకు పని ఆగిపోయినదని 777 ఇచ్చి, 'రేపు సరిచేస్తాము' అనుట లోకములో చాల సాధారణము. ఆ రేపు వచ్చినట్లు మాత్రము ఎక్కడను వినము.

దోషము కనబడగానే యంత్రమే సరిదిద్దవలెనా, లేక చెప్పి ఊరకుండవలెనా అని ఒక వివాదము ఉన్నది. కాప్స్ చెప్పుటతో ఆగేది. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రారంభించిన 'సీఎఫ్‌ఇంజన్' వంటివి తామే సరిదిద్దుతవి. వందల యంత్రములు ఉన్నచోట మనుషులు కూర్చుండి సరిదిద్దలేరు గనుక అనుమతులు, యజమానులు వంటివానిని యంత్రమునకే విడిచిపెట్టుట మంచిదని మేమును ఒప్పుకొంటాము. అయితే సరిదిద్దుటకు ముందు ఎట్లున్నదో వ్రాసిపెట్టి మరీ సరిదిద్దవలెను. లేకున్నచో దొంగ అడుగుజాడలను మన చీపురుతో మనమే ఊడ్చినవారమవుతాము. లోపలి విషయము మారిన ఫైలును మాత్రము మనిషి చూడకుండ మార్చరాదు. అది దొంగ పనియో, డిస్కు దోషమో, లేక ఒక ఉద్యోగి సరియైన కారణముతో చేసిన దిద్దుబాటో యంత్రమునకు తెలియదు.

అనుమతులన్నియు సరిగా ఉండియు కొంప మునిగే సందర్భములు లేకపోలేదు. 1960లలో ఎమ్‌ఐటీ సంస్థలోని సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థలో జరిగిన సంగతిని రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ 1979లో ఒక వ్యాసములో చెప్పినారు. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయమున పనిచేస్తున్నారు. ఒకరు రహస్య పదముల ఫైలును, మరియొకరు ఆనాటి ప్రకటనను దిద్దుతున్నారు. వారి తాత్కాలిక ఫైళ్లు ప్రోగ్రాము లోపమువలన తారుమారైనవి. యంత్రము వద్దకు వచ్చిన ప్రతివానికి ఆనాటి ప్రకటనకు బదులు అందరి రహస్య పదములు అచ్చుపడినవి! దీనిని అనుమతుల తనిఖీ పట్టజాలదు. రహస్య పదములను ఉన్నవి ఉన్నట్లుగా దాచుటయే అక్కడి మూలదోషము. తరువాతి యూనిక్స్‌లో వానిని గూఢముగా మార్చియే దాచసాగినారు.

మన శ్రోతలలో చిన్న కార్యాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు నడిపేవారు ఉంటారు. ఒక లినక్స్ యంత్రము వారికి ఉండవచ్చును. పెద్ద సాధనములు కొనవలసిన పని లేదు. తమ యంత్రమును చూచే కుర్రవానిని పిలిచి, 'ఫైండ్' ఆజ్ఞతో మూడు జాబితాలు తీయమని అడుగవలెను: ఎవరైనను వ్రాయగల ఫైళ్లు, డైరెక్టరీలు, యజమాని లేని ఫైళ్లు, సర్వాధికారి ముద్ర ధరించిన ప్రోగ్రాములు. ఒక మధ్యాహ్నము చాలును. మొదటిసారి జాబితా చాల పొడవుగా వస్తుంది, అందుకు విస్తుపోనక్కరలేదు. మూడవ జాబితాలోని ఒక్కొక్క పేరును చూపి, 'దీనికి ఈ ముద్ర ఎందుకు?' అని అడగవలెను. రహస్య పదము మార్చే ప్రోగ్రాము వంటి కొన్నింటికి జవాబు వెంటనే వస్తుంది. జవాబు రానివానిని విచారించి ముద్ర తీసివేయించి, మిగిలిన జాబితాను అచ్చువేయించి, తేదీ వేసి, యంత్రమునకు దూరముగా బీరువాలో పెట్టించవలెను. వచ్చే నెల తీసిన జాబితాను దాని పక్కన పెట్టి చూడవలెను.